వినపడితేనే నొక్కండి

"శబ్దం వినపడితేనే ఈ బటన్ నొక్కండి. వినపడినట్టు అనిపిస్తే కాదు. వినపడాలని ఉంటే కాదు. వినపడితేనే."

చెవి ఆస్పత్రిలో పరీక్షలు చేసే అమ్మాయి ఈ ముక్క రోజుకి పాతికమందికి చెబుతుంది. పాతికమందీ బుద్ధిగా తల ఊపుతారు. ఆ రోజు అద్దాల గదిలో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చున్న మనిషి మాత్రం తల ఊపలేదు. నాకా చెబుతున్నావ్ అన్నట్టు ఒక నవ్వు నవ్వాడు.

ఆ నవ్వు వెనక చాలా చరిత్ర ఉంది. అతను శ్రోతల సంఘంలో సభ్యుడు. సంఘమంటే పదకొండుమంది మగవాళ్ళు. నెలకోసారి ఒక పళ్ళ డాక్టరుగారింట్లో చేరి, కళ్ళు మూసుకుని, పాటలు కాదు, పాటలు మోగించే పెట్టెలు వింటారు. ఆ డాక్టరే అధ్యక్షుడు. స్పీకరు వైరు మారిస్తే పాడేవాళ్ళ గొంతులో ఏం మారిందో వెంటనే పసిగడతాడని ఆయన ఇతనికి 'సువర్ణకర్ణుడు' అని బిరుదు కూడా ఇచ్చాడు.

పగలు అతను ఒక టైల్స్ కంపెనీలో రంగులకి పేర్లు పెడతాడు. ఒకే తెలుపుని వెన్నెల తెలుపు, మంచు తెలుపు, ముత్యం తెలుపు అంటూ పద్నాలుగు రకాలుగా చలామణీ చేయించిన ఘనత అతనిదే. తేడా కనపడట్లేదని ఎవరైనా అంటే జాలిపడతాడు. ఆ జాలే ఇంటికొచ్చాక చెవుల మీదికి మళ్ళుతుంది.

అంతటి చెవులని ఆస్పత్రికి ఈడ్చుకొచ్చింది అతని అక్క. అన్నానికి మూడుసార్లు పిలిచినా పలకడం లేదు కాబట్టి తమ్ముడికి చెవుడు వచ్చేసిందని ఆవిడ తేల్చేసింది. బావ అభిప్రాయం వేరే ఉంది కానీ, ఆ ఇంట్లో బావ అభిప్రాయం ఎవరూ అడగరు.

పరీక్ష అయ్యాక అమ్మాయి కాగితం చూసి, వినికిడి మామూలుగా ఉందని చెప్పింది. అక్క ఊపిరి పీల్చుకుంది. తమ్ముడికి మాత్రం తల కొట్టేసినట్టయింది. మామూలుగా అంటే ఏమిటని అడిగాడు. మామూలుగా అంటే అందరిలాగే అని ఆమె వివరించింది. అది ఇంకా దారుణంగా ఉంది.

"ఇంకోటండి," అంది ఆమె, కాగితం మీద పెన్నుతో చూపిస్తూ. "మధ్యలో పదకొండుసార్లు, నేను ఏ శబ్దమూ ఇవ్వకుండానే నొక్కారు. నా బల్ల మీద దీపం వెలిగింది."

"మీ మిషన్ వెనకాల ఒక సన్నటి శబ్దం వస్తోందండి. మామూలు చెవులకి అందదు."

"మిషన్ ఆపేసి టీ తాగుతున్నానండి అప్పుడు."

అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె మాత్రం నవ్వకుండా కాగితం మడిచి అతని చేతికిచ్చింది. నవ్వింది కళ్ళతోనే. మనవాడు పడిపోయింది అక్కడే. ఎదురుగా ఉన్న మనిషి తనని అంత శ్రద్ధగా వెక్కిరించడం అతనికి అదే మొదటిసారి.

వారం తిరక్కుండా చెవిలో ఏదో గుయ్‌మంటోందని మళ్ళీ వచ్చాడు. ఏ చెవి అని ఆమె అడిగితే కాసేపు ఆలోచించాల్సి వచ్చింది. మూడోసారి ఏ జబ్బూ చెప్పకుండా వచ్చాడు. ఆస్పత్రి కాంటీన్‌లో టీ, ఆ తర్వాత బస్టాపు దాకా నడక, ఆ తర్వాత ఒకే గొడుగు కింద నడక. ఆ గొడుగు ఆమెది. అతను సగం తడిసి కూడా వాన అద్భుతంగా ఉందన్నాడు.

ఒకరోజు ఆమె గొంతు గురించి కూడా చెప్పాడు. "మీ గొంతులో పైన వెలుతురు, కింద వెచ్చదనం, మధ్యలో గాలాడే చోటు ఉందండి," అన్నాడు. నాలుగేళ్ళుగా అదే గొంతుతో నొక్కండి, నొక్కండి అని చెబుతూ వచ్చిన మనిషికి అది కొత్త మాట. ఆ సాయంత్రం ఆమె బస్సులో కూర్చుని, ఎవరూ చూడకుండా తన పేరు తనే మెల్లగా పలికి విన్నది. వెలుతురు తెలియలేదు కానీ చాలా సంతోషంగా అనిపించింది.

అప్పుడు వచ్చింది కన్వర్టర్.

చూడ్డానికి సబ్బుపెట్టె అంత ఉంటుంది. ముందు నీలం దీపం. లాప్‌టాప్‌లో పాట అంకెల రూపంలో ఉంటుందిట, ఆ అంకెలని శబ్దంగా మార్చాలిట. ఆ పని లాప్‌టాప్ తనంతట తనే చేసుకుంటుంది. కానీ మోటుగా చేస్తుందనీ, బయట విడిగా ఒక పెట్టె పెట్టి చేయిస్తే స్వర్గమేననీ సంఘం నమ్మకం. పెట్టెని ఇంట్లో పెట్టుకుని విని, తీర్పు రాసి తెమ్మని అధ్యక్షుడు సువర్ణకర్ణుడికి అప్పగించాడు.

అతను ఏర్పాటంతా పకడ్బందీగా చేశాడు. ఆంప్లిఫయర్‌కి ఒక నాబ్ ఉంది. ఒకటి మీద పెడితే లాప్‌టాప్ నుంచి నేరుగా మోగుతుంది, రెండు మీద పెడితే కన్వర్టర్ ద్వారా మోగుతుంది. మొదటిరోజు నాబ్ రెండుకి తిప్పాడు. పెట్టెకి స్విచ్ వేయగానే నీలం దీపం వెలిగింది. ఆ దీపం చూసుకుంటూ పంతొమ్మిది రోజులు విన్నాడు.

తీర్పు నాలుగు పేజీలు వచ్చింది. 'ఇన్నాళ్ళూ గాయని దుప్పటి కప్పుకుని పాడింది, నేడు దుప్పటి తొలగింది' అన్నది మొదటి వాక్యం. తబలా మీద చర్మం వయసు కూడా రెండో పేజీలో రాశాడు. తేడా తెలుస్తోందా అని బావని అడిగితే బాగా తెలుస్తోందన్నాడు. టీవీలో మ్యాచ్ మొదలవబోతోంది మరి. అక్క తనకేమీ తెలియట్లేదంది. ఆవిడ చెవులని తీర్పులోంచి మినహాయించారు.

ఆదివారం సంఘంలో చదవాలి. శనివారం మధ్యాహ్నం అతను ఆమెని ఇంటికి పిలిచాడు. ముందు కన్వర్టర్ వినిపించి, ఆమె కళ్ళు పెద్దవి చేసుకున్న సమయం చూసి పెళ్ళి మాట ఎత్తాలని పథకం. పాపం, ఆమె కూడా ఆ మాట వస్తుందనే అనుకుని, సరేనని ముప్పాతిక నిశ్చయించుకునే వచ్చింది.

అక్క బిస్కట్లు పెట్టింది. బావ కొత్త చొక్కా వేసుకున్నాడు. నేల మీద టేపుతో గుర్తు పెట్టిన కుర్చీలో ఆమెని కూర్చోబెట్టి, తల ఇంకొంచెం ఎడమకి జరపమని చెప్పి, అతను పాట పెట్టాడు.

"విన్నారా? వెనకాల చినుకులు. ఈ పాట రికార్డు చేసిన రోజున బయట వాన పడుతోంది. ఎన్ని వందలసార్లు విన్నానో, ఈ చినుకులు నాకు ఇన్నాళ్ళూ తెలియలేదు. ఇదీ కన్వర్టర్ అంటే."

ఆమె కాసేపు విన్నది. లేచి వెళ్ళి కిటికీ కర్టెన్ పక్కకి లాగింది. బయట చక్కగా వాన పడుతోంది. దండెం మీద బట్టలు గుర్తొచ్చి అక్క పరుగెత్తింది.

ఇబ్బందిని అతను నవ్వుతో దాటేశాడు. కన్వర్టర్ లేకుండా ఎలా ఉంటుందో ఒకసారి వినిపించమని ఆమె అడిగింది. దుప్పటి మళ్ళీ కప్పుతున్నాను చూడండంటూ అతను నాబ్‌ని ఒకటికి తిప్పబోయాడు. నాబ్ తిరగలేదు. వంగి చూశాడు.

నాబ్ ఒకటి మీదే ఉంది.

"అక్కా," అన్నాడు, ఇంకా వంగే ఉండి. "ఇదెవరు తిప్పారు?"

తడి బట్టలు భుజాన వేసుకుని వచ్చిన అక్క ఏమీ తెలియకుండానే చెప్పేసింది. "నేనేరా. దుమ్ము తుడుస్తుంటే రెండు మీద కనపడింది. ఎప్పుడూ ఒకటి మీదే కదా ఉండేది, నేనే కదిపానని అరుస్తావని సరిగ్గా పెట్టేశా."

"ఎప్పుడు?"

"ఆ పెట్టె తెచ్చిన మర్నాడే."

బావ బిస్కట్ నోటిదాకా తీసుకెళ్ళి ఆపేశాడు. గదిలో పాట మాత్రం హాయిగా సాగుతోంది.

ఆ క్షణంలో అతను నవ్వేసి ఉంటే అంతటితో పోయేది. నవ్వలేదు. నాబ్ ఒకటి మీద ఉన్నా పక్కన కన్వర్టర్ నడుస్తోంది కాబట్టి కరెంటు శుభ్రపడి ఉండొచ్చని మొదలుపెట్టాడు. చెప్పేకొద్దీ వివరణ పొడుగైంది. ఆమె ఈసారి కళ్ళతో కూడా నవ్వడం లేదు.

"నా గొంతు గురించి అన్నారు కదా," అంది ఆమె మెల్లగా. "వెలుతురు, వెచ్చదనం అని. అవి కూడా ఇలా విన్నవేనా?"

అతని చూపు స్పీకర్ల మీదికి పోయింది. ఎందుకంటే ఆ వెలుతురూ వెచ్చదనమూ నిరుడు ఒక స్పీకరు గురించి తనే రాసిన మాటలు.

"నేను ఎవరికీ చెప్పనండి. మీ నాలుగు పేజీలూ మీరు చదువుకోండి. కానీ ఇకమీదట మీరు విన్నానంటే ఎలా నమ్మాలో నాకు తెలియట్లేదు." గొడుగు తీసుకుని ఆమె వెళ్ళిపోయింది.

అక్క తిట్టలేదు. తిడితేనే బాగుండేది. తడి బట్టలు ఆరేస్తూ, మంచి పిల్లరా అని మాత్రం అంది.

ఆదివారం పొద్దున్నే అతను గోడ వైపు తిరిగి కూర్చుని, నాబ్‌ని ఇష్టమొచ్చినట్టు తిప్పమని అక్కని బతిమాలాడు. అక్క తిప్పుతూ పాత కాలెండరు వెనక గీతలు గీసింది. ఇరవైసార్లలో అతను సరిగ్గా చెప్పినవి పదకొండు. కళ్ళు మూసుకుని బొమ్మా బొరుసూ వేసినా దాదాపు అన్నే వస్తాయి. మళ్ళీ చేశారు. ఈసారి తొమ్మిది. ఒక్క చోట మాత్రం నిజంగా తేడా దొరికింది. లాప్‌టాప్‌కి చార్జర్ పెట్టి ఉన్నప్పుడు, పాట ఆగిన చోట సన్నటి గుయ్‌మనే శబ్దం. నాబ్ రెండు మీద పెడితే అది లేదు. ఇరవైకి ఇరవై చెప్పాడు. మరి చార్జర్ పీకేస్తేనో అని అక్క అడిగింది. పీకేస్తే ఒకటి మీద కూడా లేదు.

ఐదో పేజీ రాశాడు. చాలా చిన్నగా వచ్చింది.

సాయంత్రం సంఘంలో నాలుగు పేజీలూ గొంతెత్తి చదివాడు. దుప్పటి దగ్గర చప్పట్లు పడ్డాయి. తబలా చర్మం దగ్గర అధ్యక్షుడు కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. తర్వాత ఐదో పేజీ చదివాడు. నాబ్, అక్క, దుమ్ము గుడ్డ, పదకొండు, తొమ్మిది, చార్జర్. ఇన్నాళ్ళూ ఏమీ వినకుండా రాశాననీ, తనని మన్నించమనీ అన్నాడు.

మన్నించడానికి అక్కడ ఎవరికీ తీరిక లేదు. ఒకాయన ఇంటి వైరింగ్‌ని తప్పుపట్టాడు. ఇంకొకాయన పెట్టె వేడెక్కడానికే రెండు నెలలు పడుతుందన్నాడు. "నాబ్ ఎక్కడుంటే ఏమయ్యా, పెట్టె గదిలోనే ఉంది కదా," అన్నాడు అధ్యక్షుడు బాధగా. బిరుదు అక్కడికక్కడే వెనక్కి తీసుకున్నారు. గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూంటే, సంఘంలో అందరికన్నా పాత సభ్యుడు పక్కకొచ్చి, తనకి కూడా తొమ్మిదేళ్ళుగా ఏ తేడా వినపడటం లేదనీ, దయచేసి ఎవరితోనూ అనొద్దనీ చెవిలో చెప్పి లోపలికి వెళ్ళిపోయాడు.

మంగళవారం అతను ఆస్పత్రికి వెళ్ళాడు. అక్క కూడా వెంటపడి వచ్చి, చెవుల కోసం రాలేదని ముందే ప్రకటించి, వరండా బెంచీ మీద కూర్చుంది. అతను లోపలికి వెళ్ళి ఐదో పేజీ ఆ అమ్మాయి చేతిలో పెట్టాడు. ఆమె నిలబడే చదివింది. చార్జర్ దగ్గర పెదవి చివర కొంచెం కదిలింది.

"ఇది వాళ్ళ ముందు చదివారా?"

"చదివానండి. బిరుదు పోయింది." అతను కాగితం మీంచి ఆమె వైపు చూపు తిప్పాడు. "మీ గొంతులో వెలుతురు నాకు తెలియదు. అది స్పీకరు మీద రాసిన మాట. మీ గొంతు పొద్దున్నపూట కొంచెం బొంగురుగా ఉంటుంది. అలిసిపోయినప్పుడు కొన్ని మాటలు ముక్కుతో పలుకుతారు. అది విన్న రోజు నాకు సాయంత్రం దాకా బాగుంటుంది. ఇది మాత్రం వినే చెబుతున్నాను."

ఆమె కాగితం మడిచి తెల్లకోటు జేబులో పెట్టుకుంది. "లోపల కూర్చోండి," అంది, కొంచెం ముక్కుతోనే.

అద్దాల గది తలుపు మూసుకుంది. హెడ్‌ఫోన్స్‌లో బీప్‌లు మొదలయ్యాయి. గట్టివి, మెల్లనివి, మరీ మెల్లనివి. వినపడితే నొక్కాడు. వినపడకపోతే ఊరుకున్నాడు. ఊరుకోవడం ఎంత కష్టమో అతనికి ఇప్పుడే తెలుస్తోంది.

తర్వాత బీప్‌లు ఆగిపోయాయి. అద్దం అవతల ఆమె తలెత్తి అతని వైపే చూస్తూ ఏదో అంది. పెదవులు కదిలాయి, ఒక పూర్తి వాక్యమంత సేపు. హెడ్‌ఫోన్స్‌లో ఏ శబ్దమూ లేదు. అతని బొటనవేలు బటన్ మీదికి వెళ్ళింది. ఆ మాట ఏమై ఉండాలో అతనికి పద్నాలుగు రకాలుగా తెలుసు. వినాలని ప్రాణం కొట్టుకుంటోంది. వేలు అలాగే ఆగింది. బటన్ పక్కన పెట్టి, హెడ్‌ఫోన్స్ తీసి, తలుపు తెరుచుకుని బయటికొచ్చాడు.

"ఏదో అన్నారు. నాకు వినపడలేదండి."

"మైక్ ఆపేసి అన్నాను."

"ఎందుకు?"

"నొక్కుతారేమో చూద్దామని." ఆమె కళ్ళు తడిగా ఉన్నాయి, నవ్వుతున్నాయి కూడా. "మా అమ్మకి మీ గురించి ముందే చెప్పాను. ఆదివారం మీ అక్కనీ బావగారినీ తీసుకుని రమ్మంది. అదీ నేనన్నది."

వరండాలో బెంచీ కిర్రుమంది. అక్క చెవులకి ఏ బిరుదూ లేకపోయినా బాగానే పనిచేస్తాయి.

అతను తిరిగి అద్దాల గదిలోకి వెళ్ళి కూర్చున్నాడు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, ఆమె వైపు చూస్తూ బటన్ నొక్కాడు. ఆమె బల్ల మీద చిన్న దీపం వెలిగింది. మళ్ళీ నొక్కాడు, మళ్ళీ వెలిగింది. ఆపకుండా నొక్కుతూనే ఉన్నాడు.

ఆమె మైక్ ఆన్ చేసింది. "ఒకసారి నొక్కితే చాలండి," అంది.

ఈసారి అతను తల ఊపాడు.