చెరిపివేత హక్కు

గురువారం పారాయణానికని ఇంట్లో చెప్పి కాకినాడ నుంచి వచ్చిన కనకవల్లి, సామర్లకోట స్టేషను బయట కూతురిని, మనవరాలిని కారెక్కించుకుంది. ఎనిమిది నెలలుగా ఇదే వరస. కారు తనంతట తాను ఊరవతలికి నడుస్తూ గొంతు సవరించుకుంది.

"కొత్త చట్టం ప్రకారం తెలియజేస్తున్నాను. కారులో అందరి మాటలూ స్మృతిపేటికలో నమోదై నెలనెలా యజమాని ఫోనుకు చేరుతున్నాయి. ఎవరి గొంతును వారు చెరిపించుకునే హక్కుంది."

కనకవల్లి చప్పున కారు తెర వైపు చూసింది. కారు కొన్నది తనే. కానీ వాహనయోగం భర్త జాతకంలోనే ఉందని సిద్ధాంతిగారు అనడంతో భీమేశ్వర్రావు పేరున రాయించింది. కూతురు నచ్చినవాణ్ణి పెళ్లాడిన రోజున, దాని గొంతు ఈ ఇంట్లో వినపడకూడదని శాసించిన మనిషి ఆయన. చట్టానికి ఆయనే యజమాని.

"నాన్న విన్నారంటావా?" అంది సౌగంధి.

"వింటే ఇల్లు పీకి పందిరెయ్యరుటే? ఇంకా చూసుండరు. చెరిపెయ్యి తల్లీ, నీకు పుణ్యముంటుంది."

సౌగంధి తెర మీద బొటనవేలు నొక్కింది.

"మీ గొంతు, మీ పాప గొంతు అన్ని ప్రతుల నుంచీ శాశ్వతంగా తొలగించాం," అంది కారు మర్యాదగా.

అయినా వాళ్లను దింపి తిరిగొస్తున్న దారంతా కనకవల్లికి ఒకటే ఆలోచన. ఈలోపే వినేసి ఉంటే? ఈ వయసులో ఆయనతో ఏం వేగాలి?

ఇంటి అరుగు మీద భీమేశ్వర్రావు ఫోను చెవి దగ్గర పెట్టుకుని, మళ్లీ తీసి విదిలిస్తున్నారు.

"వల్లీ, దీనికేదో అయింది. కాస్త చూడు."

"ఏం వినాలనీ?" అంది కనకవల్లి.

ఆయన తలెత్తలేదు. "రోజూ భోంచేశాక వింటున్నాను. నీకు చెప్పడానికి మొహం చెల్లలేదు. అమ్మాయి పాపకి జోల పాడుతుంది చూడూ, అది రావట్లేదు. నువ్వడుగుతున్నావు, అమ్మాయి పలకట్లేదు."

కనకవల్లి మెట్టు మీద కూర్చుంది. తిరిగి తెప్పించుకునే హక్కు గురించి కారు ఏమీ చెప్పలేదు.

ఆయన మళ్లీ నొక్కారు. ఫోనులోంచి ఆమె గొంతే వినిపించింది: "అయ్యో నా బంగారం, నవ్వుతోందే!"

తర్వాత ఏమీ లేదు. ఆ చోటు రాగానే అలవాటుగా నవ్వబోయిన భీమేశ్వర్రావు ఆగిపోయారు.