ఇంట్లో ఎవరుంటారు?

గురువారం పొద్దున్న ఆరు కూడా కాలేదు. వర్నా స్టిడమ్ పొయ్యి ముందు నిలబడి గుడ్లు వేయిస్తోందన్న మాటే గానీ, కళ్లు మాత్రం కిటికీ అవతల ఉన్నాయి. వాకిట్లో కోడలు టెస్సా కారు డిక్కీ తెరిచి, నల్లటి పొడుగు సంచీ ఒకటి మడత పడకుండా లోపల పరిచి, చప్పుడు కాకుండా మూసింది. డిక్కీ మూసేటప్పుడు చప్పుడు కాకూడదని చూసుకునే మనిషి ఏదో దాస్తున్నట్టే లెక్క. అరవై ఆరేళ్లు ఈ కొండల్లో బతికిన వర్నాకి ఆ మాత్రం తెలుసు.

ఆ సంచీలో ఏముందో కూడా తెలుసు. నిన్న ఉతికిన బట్టలు సర్దే వంకతో టెస్సా బీరువాలో చూసింది. ముదురు నీలం సూటు, ధర చీటీ కూడా తీయనిది. ఐసీయూలో నర్సుగా చేసే పిల్లకి సూటెందుకు? వారంలో మూడు రోజులు ఆసుపత్రి బట్టలు, మిగతా నాలుగు రోజులు జీన్సు. పెళ్లికి కూడా కొత్త చెప్పులు కొనుక్కోలేదు ఆ పిల్ల.

టెస్సా లోపలికొచ్చి తిన్నగా రూథీ గదిలోకి వెళ్లింది. నిద్రపోతున్న ఏడేళ్ల పిల్లకి ముద్దు పెట్టింది. గుమ్మం దాకా వచ్చి, మళ్లీ వెనక్కెళ్లి ఇంకో ముద్దు పెట్టింది. వర్నా రెండూ లెక్కపెట్టుకుంది.

"కూర్చో, గుడ్లయ్యాయి," అంది వర్నా.

"వద్దత్తయ్యా. కడుపులో ఏదోలా ఉంది."

"కడుపు బాగాలేకపోతే సెలవు పెట్టాలి గానీ రోగుల మధ్యకి పోతారా ఎవరన్నా?"

టెస్సా తాళాల కోసం వెతుకుతున్నట్టు తల వంచుకుంది. "మనుషులు లేరు వార్డులో. ఎప్పటిలాగే రాత్రి ఎనిమిదికల్లా వచ్చేస్తాను."

"సరే. ఆసుపత్రికేగా వెళ్తున్నావు?"

"ఇంకెక్కడికి వెళ్తానత్తయ్యా?"

ఆ ఎదురు ప్రశ్న వర్నాకి నచ్చలేదు. ఔనంటే ఒక్క మాటలో పోయేది కదా.

అనుమానం పెనుభూతమంటారు. ఆ భూతం ఈ ఇంట్లోకి ఊరికే రాలేదు. నాలుగేళ్ల క్రితం వర్నా కొడుకు క్లే మొదటి పెళ్లాం షానా ఇలాగే ఒక పొద్దున్న పనికని బయల్దేరి వెళ్లింది. పెట్టె డిక్కీలో ఉందని సాయంత్రానికి గానీ ఎవరికీ తెలియలేదు. అప్పుడు రూథీకి మూడేళ్లు. నెల రోజులపాటు కారు చప్పుడైనప్పుడల్లా గుమ్మం దగ్గరికి పరిగెత్తేది. క్లే కరెంటు లైన్ల మనిషి, ఎక్కడ గాలివాన వస్తే అక్కడికి పరిగెత్తాలి. అందుకని వర్నా తన ఇల్లు తాళం వేసుకుని ఇక్కడికొచ్చి ఉండిపోయింది. తర్వాత రెండేళ్లకి టెస్సా వచ్చింది. రూథీ మళ్లీ నవ్వడం మొదలుపెట్టింది. ఆ నవ్వు ఇంకోసారి పోతే ఆ పిల్ల తట్టుకోలేదని వర్నా భయం. ఆ భయానికే ఆమె కాపలా అని పేరు పెట్టుకుంది.

కాపలాలో తేలిన సంగతులు తక్కువేమీ కావు. ఫ్రిజ్ మీద అంటించిన డ్యూటీ కాగితంలో లేని రెండు మంగళవారాలు టెస్సా తెల్లవారుజామున నాలుగున్నరకే వెళ్లింది. అడిగితే "ట్రైనింగు" అంది. పోయిన ఆదివారం మధ్యాహ్నం కారులో అద్దాలెత్తుకుని గంటసేపు ఫోన్లో మాట్లాడింది. వర్నా చెత్తడబ్బా రోడ్డు మీద పెట్టే వంకతో కారు వెనకగా నడిచింది. మంగళవారం వచ్చే చెత్తబండికి ఆదివారమే డబ్బా బయటపెట్టడం ఆ వీధి చరిత్రలో అదే మొదలు.

కారు స్పీకర్లోంచి మగ గొంతు. "నిన్నే ఎందుకు తీసుకోవాలి?" అంటోంది.

"ఎందుకంటే ఇంతకంటే ఎక్కువ నేనేదీ కోరుకోలేదు," అంది టెస్సా. "మూడేళ్లు ఇంకేమీ పెట్టుకోను. ఉద్యోగం కూడా వదిలేసి వస్తాను."

ఇంకా ఏం వినాలి? వర్నా డబ్బా అక్కడే వదిలేసి ఇంట్లోకొచ్చి కూర్చుండిపోయింది.

ఇవాళ రూథీ స్కూలు బస్సెక్కాక పదింటిదాకా ఓపిక పట్టి, వర్నా ఫ్రిజ్ దగ్గర నిలబడింది. ఇంట్లో ఎవరికన్నా ప్రాణం మీదికి వస్తే తప్ప చేయొద్దని చెప్పి టెస్సా రాసిపెట్టిన వార్డు నంబరు అక్కడుంది. ఇది ప్రాణం మీదికి వచ్చిన సంగతి కాదా అని తనను తానే అడిగి, తానే ఔనని చెప్పుకుని నంబరు నొక్కింది.

"టెస్సా స్టిడమ్ ఉందా అమ్మా? నేను వాళ్లత్తగారిని."

"టెస్సా ఇవాళ రాలేదండీ. ఒంట్లో బాగాలేదని సెలవు పెట్టింది. ఇంట్లో లేదా?"

"ఒంట్లో బాగాలేకపోవడమేంటి? గుండ్రాయిలా ఉంది. కొత్త నీలం సూటు డిక్కీలో వేసుకుని పొద్దున్నే వెళ్లింది."

"అలాగా," అంది అవతలి మనిషి మెల్లగా. "నేను వార్డు మేనేజర్ పాలెట్‌ని. చెప్పినందుకు సంతోషం."

ఫోను పెట్టేశాక వర్నాకి రెండు రకాలుగా అనిపించింది. తన అనుమానం నిజమైనందుకు ఒక పక్క ఛాతీ పొంగింది. ఇంకో పక్క, రూథీ బస్సు దిగి వచ్చాక ఏం చెప్పాలన్న భయం. వెంటనే క్లేకి చేసింది. వాడు వర్జీనియాలో ఎక్కడో విరిగిన స్తంభాల మధ్య ఉన్నాడు. వెనకాల యంత్రాల రొద.

"ఒరేయ్, నీ పెళ్లాం ఆసుపత్రిలో లేదురా."

"తెలుసమ్మా."

"తెలుసా?"

"నీకెలా తెలిసింది? అమ్మా, నువ్వు వార్డుకి ఫోన్ చేయలేదు కదా?"

వర్నా ఫ్రిజ్ మీది నంబరు కాగితాన్ని సరిగ్గా అంటించింది. కొడుకు పెద్ద ఊపిరి వదలడం వినిపించింది. "దేవుడా. ఇవాళ్టికి మాత్రం ఇంకెవరికీ ఫోన్ చేయకు. అది వచ్చాక అదే చెప్తుంది," అని పెట్టేశాడు.

కొడుక్కి తెలుసు, తనకి తెలియదు. అది ఇంకా మండింది. మొగుడికి చెప్పి మరీ పోయే ఆడదాన్ని వర్నా ఇంతవరకూ చూడలేదు. వాళ్లిద్దరూ కలిసే వేరే ఊరికి కాపురం మార్చేస్తున్నారేమో, రూథీని కూడా తీసుకుపోతారేమో. కొత్త భయం వచ్చి పాత దాని పక్కన కూర్చుంది. ఆ రోజంతా ఆమె బీన్స్ ఉడికిస్తూ, అడుగంటిస్తూ, మళ్లీ ఉడికిస్తూ గడిపింది.

టెస్సా ఎనిమిదికి కాదు, నాలుగింటికే వచ్చింది. ఒంటి మీద సూటు, చేతిలో చెప్పులు. మొహంలో రక్తం లేదు. అప్పుడే బస్సు దిగిన రూథీ పరిగెత్తుకెళ్లి నడుం చుట్టేసింది.

"అబ్బ, టీవీలో లాయరులా ఉన్నావు."

"నువ్వెళ్లి కుక్కకి తిండి పెట్టు తల్లీ. నేను నానమ్మతో మాట్లాడాలి."

పిల్ల వెళ్లాక టెస్సా కుర్చీలో కూలబడింది. ఫోను తీసి బల్ల మీద వర్నా వైపు తోసింది. తెర మీద పాలెట్ పంపిన సందేశం ఉంది. 'త్వరగా కోలుకో. నీలం సూటు బాగుందని మీ అత్తగారు చెప్పారు. సోమవారం నా గదికి రా.'

"పదీ ఇరవైకి వచ్చిందత్తయ్యా అది. పదిన్నరకి నన్ను లోపలికి పిలిచారు."

"ఎవరు పిలిచారు? ఆ కారులో మాట్లాడినవాడేనా?"

టెస్సాకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక ఏడవాలో నవ్వాలో తెలియనట్టు చూసింది. "ఆ గొంతు గ్రేడీది. మా వార్డులోనే చేసేవాడు. పోయినేడు ఆ చదువులో సీటొచ్చింది. ఇంటర్వ్యూలో అడిగే ప్రశ్నలు నన్ను అడిగి సాధన చేయిస్తున్నాడు."

"ఏ చదువు?"

"అదే. మత్తు నర్సు చదువు. ఆపరేషనప్పుడు మనిషిని నిద్రపుచ్చి, అయిందాకా ఊపిరి కనిపెట్టుకుని ఉండి, మళ్లీ లేపే పని. పోయినేడు దరఖాస్తు పెట్టి పోగొట్టుకున్నానే, అదే. ఆ రెండు మంగళవారాలూ ఆపరేషన్ గదిలో ఆ పని చేసేవాళ్ల వెనకాల నిలబడి చూసొచ్చాను. అలా చూడందే దరఖాస్తు తీసుకోరు. ఇవాళ ఇంటర్వ్యూ. పది రోజుల ముందు చెప్పారు. డ్యూటీ మార్చుకోవడానికి ఎవరూ దొరకలేదు, అందుకే అబద్ధమాడాను. ఇంట్లోంచి వార్డు బట్టల్లో వెళ్లి, పెట్రోలు బంకు బాత్రూములో సూటు వేసుకున్నాను."

వర్నాకి పౌరుషమే ముందొచ్చింది. "మొగుడికి చెప్పావు. గ్రేడీ అనేవాడికి చెప్పావు. ఇదే ఇంట్లో నీ పిల్లకి అన్నం పెట్టే నేను పరాయిదాన్నయ్యానా?"

"అత్తయ్యా, పోయినేడు ముందు మీకే చెప్పాను. గుర్తుందా?"

"నేనేం చేశాను? చర్చిలో లేచి నీకోసం ప్రార్థన చేయమని అడిగాను. అదీ తప్పేనా?"

"బుధవారం సాయంత్రం అడిగారు. గురువారం పొద్దున్నకి ఊరంతా తెలిసింది. మీరు మంచికే అడిగారు, నాకు తెలుసు. కానీ సీటు రాలేదని తెలిశాక ఏం జరిగింది? చావింటికి వండి పంపే క్యాసరోల్ గిన్నెలు ఏడు ఇళ్లనుంచి వచ్చాయి. ఎవరో చచ్చిపోయినట్టు. బంకులో పెట్రోలు పోయించుకుంటుంటే మన చర్చికొచ్చే వెర్నన్ నా భుజం తట్టి దేవుడికి వేరే ఆలోచన ఉందమ్మా అన్నాడు. నాలుగు నెలలు నేను బజారుకెళ్లలేదత్తయ్యా. అందుకే ఈసారి..."

వర్నా నోట్లో నువ్వుగింజ నానదని చనిపోయిన మొగుడు ముప్ఫై ఏళ్లు అన్నాడు. అప్పుడు కోపమొచ్చేది. ఇప్పుడు కోపం వెతుక్కున్నా దొరకలేదు.

"నువ్వు కూడా షానాలాగే వెళ్లిపోతున్నావనుకున్నాను," అంది. "రూథీకి రెండుసార్లు ముద్దు పెట్టావు."

"భయమేసి పెట్టానత్తయ్యా. ధైర్యం కోసం."

బయట కుక్క మొరుగుతోంది, రూథీ దాన్ని తిడుతోంది. టెస్సా కోటు విప్పి కుర్చీకి తగిలించింది.

"లోపల ఏమడిగారో తెలుసా? మందుల గురించి, గుండె గురించి అన్నీ చెప్పాను. చివర్లో ఒకావిడ అడిగింది. మూడేళ్లు తెల్లవారుజామున నాలుగుకి వెళ్తావు, నీ పిల్ల మెలకువగా ఉండగా ఇంటికి రావు. ఇంట్లో ఎవరుంటారు? పోయినేడు కూడా ఇదే అడిగారు. మా ఆయన అన్నాను. ఆయనేం చేస్తాడన్నారు. లైన్‌మన్ అన్నాను. గాలివాన వస్తేనో అన్నారు. తడబడ్డాను. సీటు పోయింది అక్కడే."

"మరి ఇవాళ?"

"ఇవాళ మీ మీద మంటతోనే లోపలికి వెళ్లాను. పాలెట్ సందేశం కళ్లముందే ఉంది. నోటికొచ్చింది అనేశాను. మా అత్తగారు ఉంటారన్నాను. ఆవిడ ఎలాంటి మనిషంటే, నేను ఇవాళ ఇక్కడికొచ్చానని తెలియక, కోడలు ఎటు పోయిందోనని పది నిమిషాల కిందట మా ఆసుపత్రికి ఫోన్ చేసి నా ఉద్యోగం మీదికి తెచ్చారు. ఇంట్లో చీమ అటునుంచి ఇటు వెళ్లినా ఆవిడకి తెలియాలి. ఒక తల్లి వదిలేసి పోతే ఆ పిల్లని రెండేళ్లు ఒంటిచేత్తో పెంచారు. ఆ ఇంట్లో నా పిల్ల గురించి నాకు భయం లేదు. నా గురించే భయం, అన్నాను. వాళ్లు పగలబడి నవ్వారు. తర్వాత ఎవరూ నవ్వలేదు. ఆవిడ ఏదో రాసుకుంది."

వర్నా గరిటె కింద పెట్టింది. మళ్లీ తీసింది. అప్పటికి కన్నీళ్లు గడ్డం దాకా వచ్చేశాయి. కొంగు లేని దేశం కాబట్టి చేతిగుడ్డతోనే తుడుచుకుంది.

"ఒకటి చెప్పాలి. విన్నాక నువ్వు నన్ను తిట్టినా సరే. పోయినేడు అందరి ముందూ లేచి నీకు సీటు రావాలని అడిగానా, లోపల మాత్రం రాకూడదని అడిగాను. చదువొచ్చిన పిల్ల ఈ కొండల్లో ఎందుకుంటుందని. రూథీ మళ్లీ గుమ్మం దగ్గర నిలబడుతుందని. సీటు రాలేదని నువ్వు బాత్రూములో ఏడుస్తుంటే, దేవుడు నా మొర విన్నాడని సంతోషించానే తల్లీ. ఆ క్యాసరోళ్లన్నీ నేనే తిన్నాను. ఒక్కటీ సహించలేదు."

టెస్సాకి కోపం రాలేదని చెబితే అబద్ధమవుతుంది. దవడ బిగిసింది, కళ్లు ఎర్రబడ్డాయి. మెల్లగా లేచి, అడుగంటిన బీన్స్ గిన్నె పొయ్యి మీంచి దించి, మొక్కజొన్న రొట్టె విరిచి రెండు పళ్లేల్లో పెట్టింది.

"ఆ ప్రశ్న దగ్గర తడబడింది నేనత్తయ్యా, దేవుడు కాదు," అంది. "సీటొచ్చినా రాత్రికి ఇక్కడికే వస్తాను. ఆలస్యంగా వస్తాను, అలిసిపోయి వస్తాను. కానీ వస్తాను. తినండి."

"ఆ పాలెట్‌కి ఫోన్ చేసి తప్పు నాదేనని చెప్పనా?"

"మీకు దణ్ణం పెడతాను, ఫోన్ మాత్రం ముట్టుకోకండి."

ఇద్దరూ ఒకేసారి నవ్వారు. రూథీ లోపలికొచ్చి, ఏడ్చిన మొహాలతో నవ్వుతున్న ఇద్దరినీ మార్చి మార్చి చూసి, పెద్దవాళ్ల సంగతి మనకెందుకని రొట్టె తీసుకుంది.

సోమవారం పాలెట్ ఏమంటుందో ఇంకా తెలియదు. సీటు సంగతి మూడు వారాల దాకా చెప్పరు. మధ్యలో ఆదివారం వచ్చింది. చర్చిలో పాస్టరు ఎప్పటిలాగే ప్రార్థన అవసరాలు ఎవరికున్నాయని అడిగాడు. ఒకాయన మోకాలు అన్నాడు, ఒకావిడ మనవడి పరీక్ష అంది. తర్వాత జనం అలవాటుగా వర్నా వైపు తిరిగారు.

వర్నా లేచింది. పక్కనే కూర్చున్న టెస్సా భుజాలు బిగుసుకోవడం ఆమెకి తెలిసింది.

"ఒకటుంది," అంది వర్నా. "కానీ అది బయటికి చెప్పేది కాదు."

సంగతి చెప్పకుండా ప్రార్థన అడగడం ఆ చర్చిలో ఉన్న పద్ధతే. తాగుబోతు మొగుళ్లున్నవాళ్లు, కోర్టు గొడవలున్నవాళ్లు అలా అడుగుతారు. వర్నా అలా అడగడం మాత్రం ఎవరూ ఎరగరు. ముందు వరుసవాళ్లు కూడా మెడ తిప్పి చూశారు. పాస్టరు కళ్లజోడు సవరించుకున్నాడు. ఆమె కూర్చుని కళ్లు మూసుకుంది. పెదాలు గట్టిగా బిగించింది. లోపల, ఎవరికీ వినబడని చోట, కోడలికి సీటు రావాలని అడిగింది. అడగడం కష్టంగానే ఉంది. అయినా ఈసారి అదే అడిగింది.