నాలుగో అంతస్తు మాక్ బోర్డు

"పదకొండు మంది," అన్నాడు ఇంటెలిజెన్స్ చీఫ్ హనుమత్ప్రసాద్. "అందరూ ఫారిన్ సర్వీస్‌కి సెలెక్టయిన వాళ్లే. అందరూ అమీర్‌పేటలో ఒకే కోచింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో మాక్ ఇంటర్వ్యూకి కూర్చున్నవాళ్లే."

పంజగుట్టలో కళ్లద్దాల దుకాణం పైనున్న ఆ ఆఫీసుకు బోర్డు లేదు. ఏజెంట్ విజయేందర్ టై సర్దుకున్నాడు. టై పిన్నులో కెమెరా ఉంది.

"అక్కడ ఏం జేస్తున్నరు సర్?"

"నీ బలహీనత ఏంటో చెప్పు, అసలు బోర్డు ముందు తడబడకుండా తయారుచేస్తాం అంటారు. పిల్లలు నమ్మి కడుపులో ఉన్నదంతా కక్కేస్తారు. అదంతా రికార్డవుతుంది. సెలెక్టయి మొదటి పోస్టింగ్‌కి విదేశంలో దిగగానే ఆ వీడియో చూపిస్తారు. చెప్పినట్టు వినాలి, లేకపోతే పరువు పోతుంది."

"ముందు ఎవరికి చూపిస్తరు?"

"నవీన. బోరబండ అమ్మాయి. నాన్న సనత్‌నగర్‌లో లేత్ మిషన్ ఆపరేటర్. తమ్ముడు ఒకప్పుడు పేపర్ లీక్ ముఠాతో తిరిగాడని ఆ గదిలో చెప్పి ఏడ్చింది. అది బయటికొస్తే ఆమె కష్టపడి తెచ్చుకున్న ర్యాంకునే అనుమానిస్తారు. సాయంత్రం ఫ్లైట్‌కి పోస్టింగ్‌కి వెళ్తోంది. వీడియోలున్న పెన్‌డ్రైవ్ అంతకు ముందే దేశం దాటుతుంది. లోపల మన మనిషి మంజూష ఉంది. ఆమె హాబీ ఏంటని అడిగితే గాలిపటాలని చెప్పు, అదే మన కోడ్."

పదకొండింటికి విజయేందర్, రిషి అనే పేరుతో, నాలుగో అంతస్తు హాల్లో ఉన్నాడు. చుట్టూ నలభై మంది క్యాండిడేట్లు, అద్దె బ్లేజర్లలో చెమటలు కక్కుతూ. అతని నంబర్ పిలిచారు.

గదికి కిటికీ లేదు. అతని వెనకే తలుపుకు తాళం పడిన చప్పుడైంది. బల్ల అవతల చైర్మన్ వీర్రాజు, భారీ మనిషి. పక్కన పట్టుచీరలో మంజూష. చూపు తిప్పుకోవడం కష్టమనిపించే అందం.

"మీ హాబీ ఏంటి?" అంది.

"గాలిపటాలు, మేడం."

"చాలా సంతోషం, విజయేందర్ గారూ."

తన అసలు పేరు ఆమె నోట ఎంత తీయగా పలికిందో అంత భయం వేసింది. మన మనిషి ఎప్పుడో వాళ్ల మనిషైపోయింది. వీర్రాజు తన ముందున్న ఫైలును కాస్త పైకెత్తాడు. దాని కింద సైలెన్సర్ బిగించిన పిస్టల్.

"గదిలో జామర్ ఉంది. నీ టై పిన్ను ఊరికే అందానికే," అన్నాడు వీర్రాజు.

"పెన్‌డ్రైవ్ నా హ్యాండ్‌బ్యాగులో ఉంది," అంది మంజూష. "రెండింటికి నా ఫ్లైట్. మీరు కింద వ్యాన్ ఎక్కుతారు. ఎక్కడ దింపుతారని మాత్రం అడగకండి."

గదికి ఒక్కటే తలుపు, అదీ హాల్లోకే. బిల్డింగ్ వెనక మెట్ల నిండా ఈ ఇన్‌స్టిట్యూట్ వాళ్లే పేర్చిన స్టడీ మెటీరియల్ కట్టలు, మనిషి పట్టడు. నాలుగు గోడలూ దగ్గరికి జరుగుతున్నట్టు అనిపించింది. ముక్కూ మొహం తెలియని నవీన గుర్తొచ్చింది. ఆ అమ్మాయి ఈపాటికి సూట్‌కేసు సర్దుకుంటూ ఉంటుంది.

"హాల్లోంచే పోదాం. నవ్వుతూ నడువు," అన్నాడు వీర్రాజు, పిస్టల్‌ను ఫైలు చాటున పట్టుకుని.

రోజూ ఇంటర్వ్యూలు ముగిసి, పిల్లలంతా వెళ్లిపోయాకే వాళ్లిద్దరూ గది వదిలేవారు. బయటికొచ్చిన క్యాండిడేట్‌కు అమీర్‌పేటలో ఏం జరుగుతుందో వాళ్లెప్పుడూ చూడలేదు.

తలుపు తెరుచుకుంది. నలభై మందీ ఒక్కసారిగా మీద పడ్డారు.

"అన్నా, ఏమడిగిండ్రు?"

"కరెంట్ అఫైర్సా, ఫామ్‌ల మనం రాసినయా?"

"స్ట్రెస్ ఇంటర్వ్యూనా అన్నా? జర చెప్పు."

వీర్రాజు మోచేతులతో తోశాడు. కదిలితే ఒట్టు. ఓదెలు అనే సిద్దిపేట క్యాండిడేట్‌కు మూడో అటెంప్ట్ ఇది. అతని కన్ను వీర్రాజు చేతిలోని ఫైలు మీద పడింది.

"మార్కులు ఇందులనే ఉన్నయా సర్? ఒక్కపారి చూసిస్త," అంటూ లాగాడు.

ఫైలుతో పాటు పిస్టల్ కూడా నేల మీద పడింది. విజయేందర్ దాన్ని కాలితో తన్ని, వీర్రాజు మణికట్టు మెలిపెట్టి బోర్లా పడేశాడు. తలెత్తేసరికి మంజూష లిఫ్టులో ఉంది. తలుపులు మూసుకుంటున్నాయి.

"మేడం, ఒక్క డౌటు," అంటూ ఆరుగురు అమ్మాయిలు ఆ సందులోంచి లోపలికి దూరారు.

ఓవర్‌లోడ్ బజర్ కుయ్యిమంది. మూసుకోబోతున్న తలుపులు మళ్లీ తెరుచుకున్నాయి. "దిగండి ముందు," అని మంజూష బతిమాలింది. ఒక్కరూ దిగలేదు. విజయేందర్ నింపాదిగా వెళ్లి హ్యాండ్‌బ్యాగు అందుకున్నాడు.

పది నిమిషాల్లో పోలీసులొచ్చి ఇద్దరినీ, వాళ్ల కంప్యూటర్లనూ తీసుకుపోయారు. చీఫ్ ఫోన్ చేశాడు. "ఆ పెన్‌డ్రైవ్ తప్ప బయటికి పోయిన కాపీ ఏదీ లేదట. నవీనకి ఏమీ చెప్పక్కర్లేదు. హాయిగా వెళ్లనీ." విజయేందర్ కళ్లు చెమర్చాయి. గోడకు ఆనుకుని గట్టిగా ఊపిరి పీల్చుకున్నాడు.

"అన్నా," అన్నాడు ఓదెలు. "బోర్డోళ్లు జైలుకు పాయె. మరి మా ఇంటర్వ్యూ ఎవరు తీస్కుంటరు?"

నలభై ఫైళ్లు అతని చుట్టూ ముసిరాయి. ఆ రోజు విజయేందర్ తప్పించుకోలేకపోయింది ఈ ఒక్క వలలోంచే.