ఉప్పునీళ్ళు తాగిన కారు

"ప్రమీలా, కారులో నీళ్ళు పోశావా?" వసారాలో గడ్డం గీసుకుంటూ కేకేశాడు పూర్ణచంద్రరావు.

"ఆఁ, పోస్తున్నానండీ!" పెరట్లో బోరు పంపు కొడుతూనే బదులిచ్చింది ప్రమీలారాణి.

ఆ రేపల్లె వీధిలో కాపురం చేసే ఏ ఇల్లాలికైనా నీళ్ళు రెండు రకాలు. వీధి కుళాయికి పూటకో గంట వచ్చే మంచినీళ్ళు ఒకటి. తాగడానికీ వంటకీ అవే. రెండోది పెరట్లో బోరు నీళ్ళు, ఉప్పుకషాయం. వాటితో పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు, గిన్నె కడిగి ఆరబెడితే తెల్లటి చార కడుతుంది. వాకిలి చల్లడానికి తప్ప అవి పనికిరావని ఆ వీధిలో చిన్నపిల్లలక్కూడా తెలుసు. పందొమ్మిదేళ్ళుగా ఆ ఇంట్లో ఉంటున్న ప్రమీలారాణికి తెలియదా? భేషుగ్గా తెలుసు. తెలిసే, ఆ బోరు నీళ్ళ బకెట్టు మోసుకెళ్ళి, వాకిట్లో ఏనుగులా పడున్న నల్లకారు రేడియేటర్లో వంపింది. మూత బిగించి, చెయ్యి కొంగుకు తుడుచుకుని, "తాగవే తల్లీ, కడుపునిండా తాగు" అనుకుంది.

ఇంత కక్షేంటమ్మా అంటారేమో. చెబుతాను, వినండి.

కొల్లూరు దగ్గర లంకలో ప్రమీలారాణి తండ్రికి అరటితోట ఉండేది. కూతురి పెళ్ళినాడు అందులో ఎకరం డెబ్బై సెంట్లు పసుపుకుంకుమల కింద ఆమె పేరున రాసిచ్చాడు. ఆయన పోయాక ఆమెకు పుట్టింటి గుర్తుగా మిగిలింది అదొక్కటే. గెలలు కోసే రోజున పడవెక్కి లంకకు వెళ్ళి, తండ్రి చేత్తో నాటిన ఆ చెట్ల మధ్య ఒక పూట కూర్చుని వచ్చేది. 1991 డిసెంబరులో పూర్ణచంద్రరావు ఆమెను రిజిస్ట్రారు ఆఫీసుకు తీసుకెళ్ళి, "మన ఎరువుల కొట్టుకి బ్యాంకు అప్పు తీసుకుంటున్నా. నీ పొలం హామీ పెట్టాలి. ఇదిగో, ఈ గీతల దగ్గరంతా సంతకం పెట్టు" అన్నాడు. మొగుడు చూపించిన చోటల్లా పెట్టింది.

పదిరోజులు తిరక్కుండా కొల్లూరు నుంచి మేనత్త సుబ్బరత్నమ్మ వచ్చింది. గుమ్మంలోనే నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది. "ఏంటే అమ్మాయ్, మీ నాయన తోట అమ్ముకునేంత కష్టం ఏమొచ్చిందే నీకు? మాతో ఒక్క మాటైనా అనకపోతివే! కొన్నోళ్ళు అప్పుడే చెట్లు నరికి ఇటుకబట్టీకి మట్టి తవ్వుతున్నారు."

ఆ వారంలోనే, తోట అమ్మిన డబ్బుతో కొన్న కారు ఇంటి ముందు దిగింది. మద్రాసులో ఎవరో షావుకారు పదేళ్ళు వాడి వదిలించుకున్న ఫారిన్ కారు, లక్షా పదివేలు. తోలు సీట్లు, ఏసీ, మీట నొక్కితే దిగే అద్దాలు. నిజాంపట్నం వైపు రొయ్యల చెరువుల వాళ్ళతో వ్యాపారం కలపాలట, స్కూటరు మీద వెళితే ఎవడూ కుర్చీ వెయ్యడట. అదీ ఆయనగారి వాదన.

"నన్నొక్క మాట అడగాలని తోచలేదా మీకు?" అందామె ఆ రోజు.

"ఇంటి మగాణ్ణి, ఆమాత్రం హక్కు లేదా నాకు?" అని కంచం ముందు నుంచి లేచిపోయాడు.

అంతే, మళ్ళీ అడగలేదు. తోట ఎలాగూ తిరిగి రాదు. ఆమెకు కావలసింది ఒకే ఒక్క మాట. "తప్పు చేశాను" అని ఆయన తన నోటితో తను అనాలి. అనేదాకా ఈ కారు ఆయన్ని ఒక్క పూట కూడా సుఖంగా తిరగనివ్వకూడదు. తెనాలిలో మెకానిక్ జ్ఞానానందం మొదటిసారి కారు చూసినప్పుడు, "దీని రేడియేటరు సున్నితమమ్మా. మంచినీళ్ళే పొయ్యండి, బోరు నీళ్ళు మాత్రం పొయ్యమాకండి" అని ఆమెతోనే చెప్పాడు. పాపం, మంచికే చెప్పాడు. ఆ మర్నాటి నుంచే ఆమె బోరు నీళ్ళు మొదలుపెట్టింది.

మొదటి నెలలో ఇంజనుకు నీళ్ళు తీసుకెళ్ళే రబ్బరు గొట్టం పగిలింది. రెండో నెలలో రేడియేటరు కారడం మొదలైంది. అతుకు వేయించడానికి నాలుగు వందలు. మూడో నెలలో వాటర్ పంపు పోయింది. అది మద్రాసు నుంచి రావాలి. పన్నెండు రోజులు, మూడువేలు. ఆ పన్నెండు రోజులూ ఆయన పాత స్కూటరు తన్నుకుంటూ కొట్టుకు వెళ్తుంటే, ప్రమీలారాణి గుమ్మందాకా వచ్చి మరీ సాగనంపింది.

"ఈసారి ఎంతయిందండీ?" అని అడిగేది, అన్నంలో నెయ్యి వేస్తూ.

"మూడువేలు."

"అయ్యయ్యో! ఇంకొంచెం పప్పు వేసుకోండి."

ఆ "అయ్యయ్యో" అన్నప్పుడు ఆమెకు నోరంతా తీపిగా ఉండేది.

నిజం చెప్పాలంటే పాపమంతా ఆమెది కాదు. ఆ కారే ఒక రోగాల పుట్ట. డ్రైవరు వైపు అద్దం ఒకసారి దిగిందంటే మళ్ళీ ఎక్కదు. వానలో ఒక చేత్తో గొడుగు పట్టుకుని కారు నడిపిన మనిషి రేపల్లె మొత్తానికి ఈయనొక్కడే. ఏసీ గర్రుమని ఆగిపోతే, కంప్రెసరు మార్చాలి, తొమ్మిదివేలన్నారు. అక్కర్లేదు పొమ్మన్నాడు. గోతుల రోడ్డు దెబ్బకు షాక్ అబ్జార్బర్లు రెండూ ఆయిలు కక్కాయి. వీటికీ బోరు నీళ్ళకూ ఏ సంబంధమూ లేదు. అయినా సరే, ప్రతి రిపేరూ తన గెలుపేనని మురిసిపోయింది. కొట్లో యూరియా బస్తాల వరస పల్చబడింది. ఆయన వేలి ఉంగరం మాయమైంది. రొయ్యల వ్యాపారం ఊసే లేదు. అన్నీ చూస్తూనే ఉంది. "అనుభవించనీ. మా నాన్న తోట పోతే నాకెలా ఉందో తెలియొద్దూ!" అనుకుంది.

ఆయన మాత్రం ఆ ఒక్క మాటా అనలేదు. రోజూ పొద్దున్నే, "ప్రమీలా, నీళ్ళు పోశావా?" అనే అడిగేవాడు.

జూన్ నెలలో బాపట్లలో ఆమె అన్న ప్రకాశరావు ఇల్లు కట్టుకుని గృహప్రవేశానికి పిలిచాడు. పుట్టింటివాళ్ళంతా వస్తారు. ప్రమీలారాణి ఆ పొద్దున బోరు నీళ్ళతో సరిపెట్టుకోలేదు. బకెట్లో రెండు గుప్పిళ్ళ రాళ్ళుప్పు వేసి, కరిగేదాకా కలిపి మరీ పోసింది.

చెరుకుపల్లి దాటేసరికి వేడి చూపించే ముల్లు ఎర్రగీత వైపు పాకింది. పూర్ణచంద్రరావు రెండుచోట్ల ఆపి, పంట కాలవ నీళ్ళు తెచ్చి పోశాడు. ముల్లు దిగినట్టే దిగి మళ్ళీ ఎక్కింది. ఆమె పట్టుచీర సర్దుకుంటూ ఆ ముల్లునే చూస్తూ కూర్చుంది. ఇంకో నాలుగు మైళ్ళు ఓర్చుకోవే, అందరూ చూసేచోట ఆగు, అని మనసులోనే బతిమాలుకుంది.

కారు ఆమె మాట విన్నది. ప్రకాశరావు వీధి మలుపులోకి తిరగ్గానే ఢామ్మని చప్పుడైంది. బానెట్ కింది నుంచి తెల్లటి ఆవిరి లేచింది. ఇంజను ఆగిపోయింది. షామియానా కింద కూర్చున్న చుట్టాలంతా లేచొచ్చారు. పట్టుపంచెలు ఎగ్గట్టి నలుగురు ఆ కారును గుమ్మందాకా తోశారు.

"ఏం బావగారూ!" అన్నాడు ప్రకాశరావు పదిమందికీ వినబడేలా. "మా నాన్న అరటితోట అమ్మి పొగగొట్టం కొన్నారా?"

అందరూ గొల్లున నవ్వారు. ఇన్నాళ్ళు నూరుకున్న కత్తి ఇవాళ దిగిందనుకుంది ప్రమీలారాణి. మొగుడి మొహంలోకి ఆశగా చూసింది. అను, ఇప్పుడైనా అను!

పూర్ణచంద్రరావు తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "కారుదేం లేదు బావా. ముల్లు చూసుకోకుండా నడిపా, పొరపాటు నాదే" అని పంక్తిలో చివర ఆకు ముందుకు వెళ్ళి తల వంచుకుని కూర్చున్నాడు. ఆ పూట ఆమెకు ఎందుకో ముద్ద దిగలేదు.

మర్నాడు కారును లారీకి తాడు కట్టి తెనాలి లాక్కెళ్ళారు. మొగుడూ పెళ్ళాలిద్దరూ రైల్లో వెనకాలే వెళ్ళారు. జ్ఞానానందం షెడ్డుకు చేరేసరికి మధ్యాహ్నమైంది. ఇంజను అప్పటికే విప్పేసి ఉంది. సామాను ధరలు కనుక్కుందామని మద్రాసుకు ఫోను చెయ్యడానికి పూర్ణచంద్రరావు బజార్లోకి వెళ్ళాడు. ప్రమీలారాణి బల్లమీద కూర్చుంది.

జ్ఞానానందం కోసిన రేడియేటరు తెచ్చి ఆమె ముందు పెట్టాడు. సన్నటి గొట్టాల నిండా తెల్లగా సున్నంలా గడ్డకట్టి ఉంది.

"ఇది ఉప్పమ్మా. బోరు నీళ్ళు."

"పనిమనిషి గానీ పోసిందేమో..."

"నేను మిమ్మల్ని అడగట్లేదమ్మా. మూడో నెలలో వాటర్ పంపు విప్పినప్పుడే అయ్యగారికి చెప్పా, మీ ఇంట్లో ఎవరో ఉప్పునీళ్ళు పోస్తున్నారండీ అని."

"ఏమన్నారు?"

జ్ఞానానందం నూనె చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు. చెప్పాలా వద్దా అని తటపటాయించాడు. "'తెలుసులే జ్ఞానానందం. ఆ మాట మా ఇంటావిడ దగ్గర అనమాక. నేను ఆమెకి చేసిన అన్యాయానికి ఇది తక్కువే' అన్నారమ్మా. కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు కూడాను. ఇన్నాళ్ళూ దాచా. ఇంజనే పోయింది, ఇంక దాచి ఏం లాభం?"

ప్రమీలారాణికి జాలి కలగలేదు. ఒళ్ళు మండిపోయింది. పూర్ణచంద్రరావు షెడ్డులోకి అడుగు పెట్టడమే ఆలస్యం, ఎదురెళ్ళింది.

"గాస్కెట్టూ, హెడ్డు పనీ, రేడియేటరూ కలిపి పదమూడు వేలట..." అంటున్నాడాయన.

"నేను ఉప్పునీళ్ళు పోస్తున్నానని మీకు తెలుసా?"

ఆయన జ్ఞానానందం వైపు చూశాడు. బల్లమీదున్న రేడియేటరు వైపు చూశాడు. "తెలుసు" అన్నాడు.

"తెలిసి ఊరుకున్నారా? ఒక్కసారి చెయ్యి పట్టుకుని ఆపలేదేం? ఇదేం బుద్ధే అని తిట్టలేదేం? ఉంగరం అమ్ముకుంటూ, కొట్టు ఖాళీ చేసుకుంటూ, రోజూ పొద్దున్నే 'నీళ్ళు పోశావా' అని నన్నే అడిగారా! నా కక్షైనా నన్ను తీర్చుకోనివ్వరా? అదీ మీ దయేనా?"

"అరవమాక ప్రమీలా, నలుగురూ చూస్తున్నారు."

"చూడనీయండి! ఒక్క మాట కోసం ఆర్నెల్లు కాచుకు కూర్చున్నాను. ఆ మాట మెకానిక్‌తో అనగలిగారు. నాతో అనలేకపోయారా?"

పూర్ణచంద్రరావు బల్లమీద కూలబడ్డాడు. "నీ మొహం చూస్తే నోరు పెగిలేది కాదే. రోజూ కిటికీలోంచి చూసేవాణ్ణి, నువ్వు బకెట్టు మోసుకెళ్తుంటే. పొయ్యనీ, కడుపుమంట కాస్తైనా చల్లారుతుందిలే అనుకునేవాణ్ణి. రిపేర్లకు డబ్బు కట్టుకుంటూ పోతే నీ బాకీ ఎప్పటికో తీరిపోతుందనుకున్నా."

"తీరలేదు."

"తెలుస్తూనే ఉంది."

"అయితే ఇప్పుడనండి. నా మొహం చూసి అనండి."

జ్ఞానానందం పానా పట్టుకుని అటు తిరిగిపోయాడు. పూర్ణచంద్రరావు తలెత్తాడు. "తప్పు చేశాను ప్రమీలా. అబద్ధం చెప్పి సంతకం పెట్టించుకున్నాను. మీ నాన్న తోట నీకు చెప్పకుండా అమ్మేశాను. పైగా హక్కన్నాను. నాకే హక్కూ లేదు."

ఈ మాట వినే రోజు ఏమనాలో ఆమె వందసార్లు అనుకుంది. గట్టిగా నవ్వాలనుకుంది. ఇప్పుడా తెలిసింది అని నిలదీయాలనుకుంది. ఒక్కటీ నోటికి రాలేదు. దుఃఖం మాత్రం కట్ట తెగినట్టు వచ్చింది.

కాసేపాగి జ్ఞానానందం మెల్లగా దగ్గరికొచ్చాడు. "అమ్మా, బాగు చేసినా ఇది ఎన్నాళ్ళు నడుస్తుందో నేను చెప్పలేను. ఉన్నదున్నట్టు తీసుకునేవాడు బెజవాడలో ఒకడున్నాడు, పాతికవేలిస్తాడు. ఏం చెయ్యమంటారు?"

"నన్నడుగుతావేంటి? ఆయన్నడుగు."

"కారు రిజిస్ట్రేషన్ పుస్తకం మీ పేరునే ఉందిగా అమ్మా. సంతకం మీరే పెట్టాలి."

ప్రమీలారాణి చివ్వున తల తిప్పింది. "నా పేరునా?"

"నీ తోట డబ్బు" అన్నాడు పూర్ణచంద్రరావు, నేలచూపులు చూస్తూ. "అబద్ధమైతే ఆడాను గానీ, ఆ కాగితం మీద నా పేరు రాయించుకోవడానికి చెయ్యాడలేదు. ఆ రోజు నీచేత పెట్టించిన సంతకాల్లోనే కారుదీ ఉంది. అదీ చెప్పలేకపోయాను."

ఆమె లేచి రేడియేటరు దగ్గరికి వెళ్ళింది. తెల్లటి గడ్డను గోటితో గీకింది. కాస్త పొడి రాలింది. లక్షా పదివేలు. ఎకరం డెబ్బై సెంట్లు. లంకలో చెట్లు పోయినా, అమ్మిన సొమ్మంతా ఈ ఇనుములోనే ఉంది. తండ్రి తనకిచ్చినదాంట్లో మిగిలింది అదొక్కటే. దాన్ని ఆర్నెల్లుగా తన చేతులతోనే నాశనం చేసింది, ఒక్క రోజు కూడా మానకుండా.

"అయితే నేను ఉప్పునీళ్ళు పోసింది మా నాన్న తోటలోనా?" అంది. ఆ గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. "ఏవండీ, మా నాన్న తోటలోనా పోశాను?"

"నువ్వొక్కదానివే కాదులే" అన్నాడు పూర్ణచంద్రరావు. "ముందు నరికింది నేను. మిగిలింది ఇద్దరం కలిసి ఎండబెట్టాం."

ఆమె ఏడుస్తూ అక్కడే నేలమీద కూర్చుండిపోయింది. పందొమ్మిదేళ్ళ కాపురంలో నలుగురి ఎదుట భార్య చెయ్యి పట్టుకుని ఎరగని ఆ మనిషి, రోడ్డు పక్క షెడ్డులో, దారినపోయేవాళ్ళు ఆగి చూస్తుండగా, పక్కన గొంతుక్కూర్చుని ఆమె చెయ్యి రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. ఆమె విడిపించుకోలేదు.