మూడు ఊర్ల డాక్టర్లు, ఒక ఇన్సూరెన్స్ కాగితం

జగిత్యాల నుంచి మస్కట్ దాకా కుమార్ చేయించలేని ఇన్సూరెన్స్ భూమ్మీద లేదు. ఫారం అతని చేతిలో పడిందంటే ఇరవై నాలుగు గంటల్లో పాలసీ వచ్చి తీరుతుంది.

ఈ మాట అన్నది కుమారే. అప్పటికి అతను చేయించినవి మొత్తం పదకొండు. పది మోటారు సైకిళ్లవి, ఒకటి బర్రెది. బర్రె చచ్చిపోయింది, డబ్బులు రాలేదు. చెవికున్న బిళ్ల మీద ఒక నంబరు, కాగితం మీద ఇంకో నంబరు. బర్రె తాలూకు బక్కయ్య ఎదురుపడితే కుమార్ ఇప్పటికీ సందు మారుస్తాడు.

కానీ ఇవన్నీ ఆ పిల్లకెలా తెలుస్తాయి? సకల జనుల సమ్మె మొదలై పది రోజులైంది. బస్సుల్లేవు, బడుల్లేవు, కరెంటు వచ్చినప్పుడు వచ్చినట్టు. తెరిపి లేని ముసురు. ఆ ముసురులో తడిసిన చున్నీ పిండుకుంటూ వెంకటేశం జిరాక్స్ షాపు మెట్లెక్కింది. ఆ షాపులో పాస్‌పోర్టు ఫారాలు, విమానం టికెట్ల పని కుమార్‌ది.

"అన్నా, గల్ఫ్ పోయేటోళ్లకు ఇన్సూరెన్స్ చేస్తరట గద?"

'అన్నా' అన్న మాటకు కుమార్ ప్రాణం అక్కడికక్కడే పోయింది. ఆమె తలెత్తి చూసేసరికి తిరిగొచ్చింది.

"చేస్తం. ఎవలికి?"

"మా అవ్వకు. పేరు సత్తవ్వ. మాది కోరుట్ల. మా బాపు మస్కట్‌ల దవాఖానల ఉన్నడు. ఎడమ పక్క మొత్తం పడిపోయింది. ఇప్పుడే విమానం ఎక్కియ్యద్దన్నరట. కంపెనీవాళ్లు అవ్వకు విజిట్ వీసా తీసిర్రు. ఇన్సూరెన్స్ కాయిదం ఉంటెనే టికెట్ ఇస్తమంటుర్రు."

"ఎప్పటిదాక టైమున్నది?"

"అక్టోబర్ ఇరవై దాక. అప్పటిదాక బాపు ఉంటె."

ఏడవకుండా చెప్పింది. ఏడ్చి ఉంటే కుమార్ ఏదో జోకు వేసి నవ్వించేవాడు. ఏడవని మనిషికి ఏ జోకు వేయాలో అతనికి తెలియదు.

"అవ్వకేమన్న బీమార్లున్నయా?"

"షుగర్."

"గది అందరికుంటది."

"గుండె."

"ఊఁ."

"దమ్ము. ఊపిరాడది."

"ఇంకా?"

"ఇంకేం గావాలె? గివి సరిపోవా మీకు?"

సరిపోయాయి. జోకు రాని నోటికి గొప్ప వచ్చింది. ఇరవై నాలుగు గంటల మాట అప్పుడే అన్నాడు. ఆమె పేరు ప్రవళిక అని ఫారం మీద రాసుకున్నాడు. ఆ ఫారంలో కూతురి పేరుకు గడి లేదు, మార్జిన్‌లో రాసుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే కరీంనగర్‌లో తనకు తెలిసిన ఒకే ఒక్క కంపెనీకి ఫోన్ చేశాడు.

"మూడూ ఒక్క మనిషికేనా సార్?" అంది అవతలి గొంతు.

"ఔ మేడమ్."

"మేము తీసుకోం సార్."

అంతే. బర్రెకైతే కనీసం రంగు అడిగారు.

సాయంత్రం నాలుగింటికి ప్రవళిక జీపు వెనక వేలాడుతూ పాతిక కిలోమీటర్లు వచ్చింది. షాపు మెట్టు మీద నిలబడి, ఊపిరి తీసుకోకుండా, "అయిందా?" అంది. కాలేదని చెప్పడానికి కుమార్ నోరు తెరిచాడు. తెరిచిన నోట్లోంచి వేరే మాట వచ్చింది.

"డాక్టర్ల లెటర్లు అడుగుతుర్రు. మూడు రోగాలకు మూడు."

"ఇస్తె అయితదా?"

"అయినట్టే."

తెల్లారి మోటారు సైకిలేసుకుని కోరుట్ల వెళ్లాడు. సత్తవ్వ గడప దగ్గర కూర్చుని, ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చేస్తోంది. పది బీడీలకొకసారి ఆగి, రొమ్ము పట్టుకుని గాలి లాగుతోంది. ఆమెను ఏమని పిలవాలో కుమార్‌కు పెద్ద చిక్కొచ్చింది. చిన్నమ్మా అంటే ప్రవళిక చెల్లెలై కూర్చుంటుంది. అత్తా అంటే సత్తవ్వే చీపురు తీస్తుంది.

"నమస్తే మేడమ్," అన్నాడు.

"మేడమేంది బాబూ, బీడీలు చేసుకునేదాన్ని? కూసో."

అప్పుడు తెలిసింది, సత్తవ్వ రోగాలన్నీ ఒక ఊళ్లో కాపురముండవని. షుగరుకు కోరుట్ల డాక్టరు. గుండెకు జగిత్యాల. దమ్ముకు సిరిసిల్ల, ఆమె పుట్టిల్లు పక్కనే తంగళ్ళపల్లి కాబట్టి పెళ్లికి ముందు నుంచీ దమ్ము అక్కడే చూపించుకుంటోంది. పైగా ఏ డాక్టరుకూ మిగతా రెండు రోగాల సంగతి చెప్పలేదు.

"ఎందుకు చెప్పలే?" అన్నాడు కుమార్.

"అన్ని ఒక్కనికే చెప్తె, మాతోని కాదని హైదరాబాద్ రాసిస్తడు. మా అక్క లింగవ్వకు గట్లనే రాసిచ్చిర్రు. పోయింది. మల్ల రాలే."

ఆమె ఇంకో ఆకు కత్తిరించుకుంది.

కోరుట్ల లెటరు ఆ రోజే వచ్చింది. షుగర్ తప్ప వేరే జబ్బు లేదని. జగిత్యాల డాక్టరు మనిషిని చూడనిదే రాయనన్నాడు. ముగ్గురూ ఒక్క బండి మీద వెళ్లారు, మధ్యలో సత్తవ్వ. అంత మందం గోడ జగిత్యాల ఖిల్లాకు కూడా లేదు. ఆ లెటరూ వచ్చింది. గుండె తప్ప వేరే జబ్బు లేదని. రెండు కాగితాలూ పక్కపక్కన పెడితే సత్తవ్వలు ఇద్దరయ్యారు.

సిరిసిల్లకు అంత దూరం సత్తవ్వ కూర్చోలేనంది. ప్రవళిక ఒక్కతే బండెక్కింది. ఏ గోలీ ఏ డాక్టరు ఇచ్చిందో తెలియక, ఇంట్లో ఉన్న గోలీలన్నీ సంచిలో వేసుకుని, ఆ సంచిని ఇద్దరి మధ్యా పెట్టింది. వానకు జారుతదంటూ కుమార్ బండిని ముప్పై దాటనివ్వలేదు.

రుద్రంగి దాటాక రోడ్డుకు అడ్డంగా టార్పాలిన్ పందిరి కనబడింది. దాని కింద పొయ్యిలు, పొయ్యిల మీద గుండిగలు. సమ్మె చేసేవాళ్ల వంటావార్పు. తినకుండా ఎవరినీ పోనివ్వడం లేదు.

"జై తెలంగాణ అను తమ్మీ!"

కుమార్ అన్నాడు. పక్క ఊరి చెరువు కట్ట మీద కొంగలు లేచిపోయేంత గట్టిగా అన్నాడు. ప్రవళిక మెల్లగా అంది. కానీ ఆమె అన్నదే నిజంగా అన్నట్టుంది.

గౌరవ్వ అనే పెద్దామె విస్తర్లేసి అన్నం పెట్టింది. "ఆలుమొగలు ఇద్దరు కడుపు నిండ తినుండ్రి."

కుమార్‌కు ఆ తప్పు దిద్దాలని అస్సలు తోచలేదు.

"ఆలుమొగలం కాదు పెద్దమ్మా," అంది ప్రవళిక.

"మరేమైతడే నీకు?"

"మా అవ్వకు ఇన్సూరెన్స్ చేపిస్తుండు."

"గీ వానలనా? సొంత అల్లుడు గూడ గింత జెయ్యడు గదనే!"

ప్రవళిక నవ్వింది. పరిచయమైన ఇన్ని రోజుల్లో మొదటిసారి. కుమార్ ఆ నవ్వును చూస్తూ పప్పులో ఉప్పు రెండోసారి వేసుకున్నాడు. అంతలో ఆమె ఫోన్ మోగింది. మస్కట్ నుంచి. అక్కడ ఒకే గదిలో ఉండే మనిషెవరో దవాఖానాకు వచ్చి, ఆమె తండ్రి సామేలు చెవి దగ్గర ఫోన్ పెట్టినట్టున్నాడు.

"బాపూ, నేను ప్రవళికను. అవ్వ అస్తుంది. కాయిదాలన్ని అయితున్నయి. కుమార్ అని ఒకాయన చేపిస్తుండు. మంచోడు బాపూ. నువ్వు జర ఓర్సుకో."

అటు నుంచి మాట లేదు. ఊపిరి ఒక్కటే వినబడుతోంది, తడిగుడ్డ ఈడ్చినట్టు. ఆమె దాన్ని చాలాసేపు విని, పెట్టేసింది.

కుమార్ నిజం చెప్పేద్దామనుకున్నాడు. "ప్రవళికా" అన్నాడు. "ఊఁ?" అంది. ఆమె ముఖంలో నవ్వు ఇంకా కొద్దిగా మిగిలి ఉంది.

"ఇంకొంచెం పప్పేసుకో," అన్నాడు.

సిరిసిల్లలో కరెంటు లేదు. మగ్గాలన్నీ ఆగిపోయి ఊరు మూగబోయింది. దవాఖానాలో వాన చప్పుడొక్కటే. డాక్టరు సంచిని బల్ల మీద బోర్లించాడు. ఒక్కో గోలీ అట్ట తిప్పి చూస్తూ, ఒకదాని దగ్గర ఆగాడు.

"ఇది ఎవలు రాసిర్రు?"

"జగిత్యాల సార్. గుండెకు."

"అమ్మకు దమ్మున్నదని ఆయనకు తెలుసా?"

"తెల్వది సార్."

"గుండె జబ్బున్నదని నాకన్న చెప్పిర్రా?"

"చెప్పలే సార్."

"ఈ గోలీ దమ్మున్నోళ్లకు పడది బిడ్డా. ఇది మింగితె ఆయాసం పెరుగుతది. ఆయాసం పెరిగితె నా దగ్గరికి అస్తది. నేను ఇంకో మందు పెంచుత. ఎన్నేళ్ల సంది నడుస్తున్నదో ఈ కత!"

ఆయన అప్పుడే జగిత్యాల డాక్టరుకు ఫోన్ చేశాడు. ఇద్దరూ మాట్లాడుకుని ఆ గోలీ మార్చారు. తర్వాత మూడు రోగాలూ, అన్ని మందులూ వరసగా ఒకే లెటరులో రాసి, కింద సంతకం పెట్టి ఇచ్చాడు. వారం తిరిగేసరికి సత్తవ్వ రాత్రిపూట గోడకు ఆనుకోకుండా, వెల్లకిలా పడుకోగలిగింది.

కానీ పాలసీ మాత్రం రాలేదు.

ఆ వారం చివర ఒక సాయంత్రం కుమార్ కోరుట్ల వచ్చాడు. సత్తవ్వ మంచంలో ఉంది. ప్రవళిక బీడీల చాట ముందు కూర్చుని ఉంది. చాయ ఇచ్చి, నెమ్మదిగా అడిగింది.

"కంపెనీ ఏమన్నది?"

"మేనేజర్ సొంతంగ ఫోన్ జేసిండు. ఫైలు టేబుల్ మీదికి అచ్చిందట."

"ఏ టేబులు?"

"పెద్ద టేబులు."

"ఏమంటుండు?"

"గిసొంటి ఫైలు నా సర్వీసుల చూడలేదంటుండు. సంతకం ఒక్కటే తక్కువ."

"పెన్ను లేదా ఆయనకు?"

కుమార్ చాయ గ్లాసు కింద పెట్టాడు.

"పొద్దుగాల జగిత్యాల పోయిన," అంది ప్రవళిక. "నువ్వు లేవు. వెంకటేశం సేటున్నడు. మొదటి రోజే కాదన్నరట గద."

బయట చూరు నుంచి నీళ్లు పడుతున్నాయి.

"పద్నాలుగు రోజులు, కుమార్. ఆడ మా బాపు దినాలు లెక్కవెట్టుకుంట పన్నడు. నువ్వు మంచోనివని నా నోటితోని చెప్పిన ఆయనకు. ఎందుకు జేసినవ్ గిట్ల?"

"కాదని చెప్తె... నా మాట పోతదని."

"నీ మాట పోతదని మా మనిషిని పోగొడతవా?"

"సిరిసిల్ల పోవట్టి అవ్వ గోలీ సంగతన్న..."

"అది నీ గొప్ప కాదు. లే. పో."

లేచి వెళ్లాడు. ఆ రాత్రి అద్దంలో కూడా తన ముఖం తనకు చూపించుకోలేదు.

తర్వాతి రెండు రోజులు కరీంనగర్‌లో ఇన్సూరెన్స్ ఆఫీసులన్నీ మెట్టు మెట్టు ఎక్కాడు. మూడు చోట్ల కాదన్నారు. నాలుగో చోట ఒక పెద్దమనిషి కళ్లద్దాలు పెట్టుకుని, సిరిసిల్ల డాక్టరు రాసిన లెటరు మొదటి నుంచి చివరిదాకా చదివాడు. "అన్ని నిజం రాసిర్రు. గిట్ల రాస్తెనే మేం ఏదన్న చెయ్యగలుగుతం," అన్నాడు. తర్వాత, ఏం చేయగలడో, ఏం చేయలేడో విడమరిచి చెప్పాడు.

కుమార్ కోరుట్ల చేరేసరికి చీకటి పడుతోంది. ప్రవళిక గడపకు అడ్డంగా నిలబడింది. అతను చూరు కింద నిలబడ్డాడు.

"లోపటికి రానియ్యే, తడుస్తుండు," అంది సత్తవ్వ.

"తడువనియ్యి."

కుమార్ చొక్కా లోపల దాచిన కవరు తీసి ఇచ్చాడు. "పాలసీ. అసలుదే. దీంతోని టికెట్ ఇస్తరు." ఆమె ముఖం మారబోయింది. అతను తొందరగా అన్నాడు, "ఆగు. దీంట్ల ఒకటున్నది. షుగరు, గుండె, దమ్ము, ఈ మూడిట్ల దేనితోనన్న ఆడ పానం బాగలేకుంటె వీళ్లు ఒక్క పైస ఇయ్యరు. కాలు ఇరిగితె ఇస్తరు. కొత్త జరమొస్తె ఇస్తరు. సామాను పోతె ఇస్తరు."

"నాకు సామానెక్కడిది?" అంది సత్తవ్వ.

"అంటె, ఉన్న రోగాలకు ఇయ్యరు, లేనివాటికి ఇస్తరు," అంది ప్రవళిక.

"ఔ."

"మరి ఆడ అవ్వకేమన్న అయితె?"

ఇలాంటి ప్రశ్నకు కుమార్ దగ్గర ఎప్పుడూ పది జవాబులుండేవి. పదీ వెతికాడు.

"నాకు తెల్వది," అన్నాడు.

ప్రవళిక కాగితం అలాగే పట్టుకుని గడప మీద కూర్చుండిపోయింది. ఇన్ని రోజులూ దాచుకున్న ఏడుపంతా అప్పుడు వచ్చింది. బాపును ఒంటరిగా వదిలే వీల్లేదు, అవ్వను ఒంటరిగా పంపే ధైర్యం లేదు. వీసా ఒక్కరికే.

సత్తవ్వ మంచం దిగి వచ్చి, కూతురి తల మీద చెయ్యి పెట్టింది.

"పోత బిడ్డా. ఆడ అయ్యేది ఈడున్నా అయితది. ఆయన పక్కపొంటి కూసుండి, పేరు వెట్టి పిలుస్త. అంతకన్న నాకేం అక్కెరలేదు." కాసేపాగి ఆయాసం తీర్చుకుంది. "డాక్టర్లకు గూడ అన్ని చెప్పే పోత ఈసారి."

సత్తవ్వ కుమార్ వైపు తిరిగింది.

"ఒక్క ముచ్చట చెప్పు బాబూ. కంపెనీ మొదలే కాదన్నది గద. మరి లెటర్లు ఎవలడిగిర్రు?"

"లెటర్లు... ఎప్పటికైన అక్కెరకస్తయని..."

ప్రవళిక తడి కళ్లతోనే తలెత్తి చూసింది. ఆ చూపు ముందు అబద్ధం సగంలోనే ఆగిపోయింది.

"ఎవ్వలడగలే," అన్నాడు కుమార్. "నేనే పుట్టిచ్చిన. కాదని చెప్తె ప్రవళిక మల్ల షాపుకు రాదని. మాట పోతదని చెప్పిన గద మొన్న, అది గూడ అబద్ధమే. నా మాట పోయి శాన ఏండ్లయింది."

"మరి సిరిసిల్ల తోవల బండి ముప్పై దాటలేదేంది?" అంది ప్రవళిక. గొంతు ఇంకా ఏడుపులోనే ఉంది. "వానకు జారుతదంటివి?"

కుమార్ చూరు కింది నుంచి ఒక అడుగు బయటికి వేసి, పూర్తిగా తడుస్తూ నిలబడ్డాడు.

"వానకు కాదు," అన్నాడు.