ఈడ్పుబాట

సాన్ హువాన్ కొండల్లో ఈడ్పుబాట ఏ పటంలోనూ కనబడదు. తెల్ల బెరడు ఆస్పెన్ చెట్ల మధ్య నుంచి దిగే సన్నటి కాలిదారి అది. ఎరిగినవాళ్ళే తక్కువ. ఎరిగినవాళ్ళు పొద్దు వాలాక అటు తొక్కరు.

ఎందుకంటే, వెనకటికి ఇద్దరు అన్నదమ్ములు అక్కడ గొర్రెలు కాసేవాళ్ళట. ఒక పొట్టేలు దగ్గర మాటా మాటా పెరిగి అన్న గొడ్డలెత్తాడు. తమ్ముడు పడ్డాక గానీ చేసిందేమిటో తెలిసిరాలేదు. శవాన్ని ఈడ్చుకుంటూ, "సాయం పట్టండి" అని అరుస్తూ దిగాడట. ఎవరూ రాలేదు. ఇప్పటికీ ఈడుస్తూనే ఉన్నాడంటారు. ఆ పిలుపుకు "ఓ" అన్నవాడి నెత్తిన గొడ్డలి పడుతుందంటారు.

నాబోర్ నమ్మేవాడు. అతని అక్క మొగుడు ఎవరిస్తో నమ్మేవాడు కాదు.

ఆకులు పసుపు తిరిగిన రోజుల్లో ఇద్దరూ కొండెక్కారు. నాబోర్ తాత కాపరిగా ఉన్నప్పుడు ఒక ఆస్పెన్ మీద కత్తితో చెక్కుకున్న పేరు చూసి రావాలని. వెతకడంలో కొంత, దొరికిన సంబరంలో సీసా మూత తీయడంలో కొంత... పొద్దుగూకింది. దగ్గరదారని ఎవరిస్తో ఈడ్పుబాట వైపు తిరిగాడు.

"బావా, చుట్టుదారైనా సరే, పెద్దదారినే పోదాం."

"మీ అక్క వండిన చిక్కుడుగింజలు చల్లారితే నన్ను చంపుతుందిరా. దయ్యమైతే చంపుతుందో లేదో తెలీదు. మీ అక్క ఖాయం."

నాబోర్ నుదుటి నుంచి రొమ్ము దాకా సిలువ గుర్తు వేసుకున్నాడు.

"రెండో చేత్తో లాగు పట్టుకో. జారుతోంది," అన్నాడు ఎవరిస్తో.

నాబోర్‌కు ఒళ్ళు మండింది. నడుముకు దోపుకున్న చేగొడ్డలి తీసి బిగించి పట్టుకుని విసవిసా ముందు నడిచాడు.

ఆస్పెన్ ఆకు కాడ గుండ్రంగా ఉండదు, నొక్కినట్టు పలచగా ఉంటుంది. అందుకే గాలి ఆగిందనుకున్నప్పుడు కూడా ఆకు ఆగదు. కొండంతా గలగల... గలగల... వెనక బావ అడుగులు వినిపిస్తున్నాయో లేదో కూడా తెలియడం లేదు.

ఉన్నట్టుండి ఒక కీచు అరుపు. కొమ్మలు ఫెళ్ళున విరిగాయి. తర్వాత, గాలిలో తేలుతూ...

"సాయం... సాయం పట్టు..."

"ఓ" అనబోయి నాబోర్ పెదవి కొరుక్కున్నాడు. నోట్లోకి రక్తం వచ్చింది.

"సాయం పట్టు..."

బావ గొంతులాగే ఉంది. దయ్యానికి గొంతు దొంగిలించడం ఎంతసేపు... పలకలేదు.

ఆ తర్వాత వినిపించింది. జర్ర్... జర్ర్... ఈడ్పు.

వెన్నెల్లో చెట్ల మధ్య నుంచి అది వచ్చింది — రెండు తలలు, ఒకటి వేలాడుతూ. కుళ్ళు కంపు. పక్కకు తప్పుకునేలోపే గుద్దింది. నాబోర్ వీపు చెట్టుకు కొట్టుకుని ఊపిరి ఆగింది. మళ్ళీ గుద్దింది. చెవి చిరిగింది. గుడ్డిగా గొడ్డలితో కొట్టాడు. ఒక దెబ్బ, ఇంకో దెబ్బ... ముఖాన వేడి రక్తం చిమ్మింది. ఫట్‌మని ఏదో విరిగింది.

అప్పుడు చూశాడు. ఎల్క్ దుప్పులు, రెండు మగవి. ఆడవాటి కోసం పోట్లాడి కొమ్ములు మెలిపడ్డాయి. ఒకటి చచ్చింది. బతికినది ఆ కళేబరాన్ని ఎన్నాళ్ళుగానో ఈడుస్తూ పిచ్చెక్కి తిరుగుతోంది. కొమ్ము విరగ్గానే అతని మీదుగా దూకి చీకట్లో కలిసిపోయింది.

నాబోర్ పడి పడి నవ్వాడు. ఇదా దయ్యం...

నవ్వు మధ్యలో ఆగిపోయింది. దుప్పికి మాటలు రావు.

ఎదురెక్కి పరుగెత్తాడు. ఎవరిస్తో చెట్టుకు ఆనుకుని ఉన్నాడు. కొమ్ము దిగిన తొడను నడుం పట్టీతో బిగించుకున్నాడు. కింద ఆకులన్నీ నల్లగా తడిసి ఉన్నాయి.

"పిలిచాను కదరా."

"దయ్యమనుకున్నా బావా."

"అదే అనుకుని ఉంటావనుకున్నా." పళ్ళు కొరికాడు. "ఇప్పుడైనా లాగు."

కోటు మీద పడుకోబెట్టి చేతులు పట్టి లాగాడు. రాళ్ళ మీద, వేళ్ళ మీద. మొదట్లో తిట్టాడు ఎవరిస్తో. తర్వాత మూలిగాడు. తర్వాత అదీ సన్నబడింది.

దారి చివర కాపరుల గుడారం, అందులో దీపం, ఎవరిదో పాట. పక్కన కట్టేసిన గుర్రం. ఆ గుర్రం మీద వేస్తే ఎవరిస్తో బతికి ఊరు చేరతాడు.

నాబోర్‌కు ఇంకొక్క అడుగు వేసే శక్తి లేదు. రొమ్ములో మిగిలిన ఊపిరంతా కూడగట్టి అరిచాడు.

"సాయం పట్టండి..."

పాట ఆగింది. దీపం ఆరింది. గుడారం వాకిలి తాళ్ళు లోపలి నుంచి ఒక్కొక్కటిగా బిగించుకుంటున్న చప్పుడు... స్పష్టంగా వినిపించింది.