పైవరుస చెప్పిన నంబరు

రావులపాలెం అరటి మార్కెట్లో వీరబ్రహ్మం శవం బయటపడేసరికి ఉదయం ఏడయింది. గూఢచారి శాఖ తరఫున ఆర్నెల్లుగా విదేశీ ముఠాలో మెలుగుతున్న మనిషి. గెలల గుట్ట మీద బోర్లా పడి ఉన్నాడు. మెడలో సన్నటి సూది. గుప్పిట్లో చీటీ: "పట్టిసీమ. శివరాత్రి పడవ. 10-30."

అరటి వ్యాపారి వేషంలో ఉన్న ఏజెంట్ ఉదయభాస్కర్ చీటీ జేబులో పెట్టుకుని చీఫ్ హనుమంతరాజుకు ఫోన్ చేశాడు.

"శివరాత్రి ఇవాళే. రేవు ఆపించండి సార్."

"ఆపామా, వాళ్లు అక్కడే పేల్చేస్తారు. నువ్వు వెళ్లు. హారతి అని ఒకావిడ కలుస్తుంది. ముఠా లాప్‌టాప్ ఆవిడ చేతికొచ్చిందంట."

"ఆవిడ ఎవరి మనిషండీ?"

"ఇద్దరి మనిషీ. అదే ఇబ్బంది."

ఒక్క మాట మాత్రం భాస్కర్ చెప్పలేదు. ఈ పాటికి వాళ్లమ్మ చిట్టెమ్మ కూడా అదే రేవుకు బయల్దేరి ఉంటుంది. ఆవిడ దగ్గర ఫోన్ లేదు.

పట్టిసీమ రేవు చేరేసరికి పది దాటింది. గుడి లంకకి ఎనిమిది పడవలు వరసగా పోతున్నాయి. కొబ్బరాకు పందిట్లో నల్లకళ్లద్దాలు, నెమలికంఠం రంగు పట్టుచీరతో హారతి కూర్చుని ఉంది.

"చక్కెరకేళి ఉందాండీ?" అనడిగింది.

"కర్పూర అరటేనండి. ఇంకా ముగ్గలేదు."

కోడ్ సరిపోయింది. హారతి లాప్‌టాప్ అతని వైపు తిప్పింది.

"రూబీ అనే కంప్యూటరు భాషలో రాశారు. బాంబు సంగతంతా boat అనే ఆబ్జెక్టులో ఉంది. ఈ లాప్‌టాప్‌తో లింకు తెగితే వెంటనే పేలుతుంది. ముట్టుకోకండి, అడగండి అంతే."

భాస్కర్ అడిగాడు.

boat.number

స్క్రీన్ మీద 7 అని వచ్చింది.

బాంబు ఆపెయ్యమని boat.armed = false అని కొట్టాడు. NoMethodError. ఆ ఆబ్జెక్టుకి అటువైపు తలుపే పెట్టలేదు. బయటివాళ్లు లోపలి సంగతి మార్చడానికి వీల్లేదన్నమాట.

"ఏడో పడవ ఖాళీ చేయించండి సార్," అన్నాడు ఫోన్‌లో.

పోలీసు లాంచీ ఏడో పడవ పక్కకు చేరింది. జనాన్ని దగ్గర్లో ఉన్న నాలుగో పడవలోకి ఎక్కిస్తున్నారు. ఒక ముసలావిడ పసుపు సంచీ గుండెలకి హత్తుకుని చెక్క దాటుతోంది. ఆ సంచీ భాస్కర్ వాళ్లమ్మకి తెచ్చిచ్చిందే. ఊపిరి తేలికయింది అతనికి.

ఆ తేలికలోనే ఒక సంగతి కంటపడింది. హారతి ఒక్కసారి కూడా ఏడో పడవకేసి చూడలేదు. నాలుగో దాన్నే చూస్తోంది.

పది ఇరవై ఎనిమిది.

చిన్నప్పుడు గెలలు కొనేటప్పుడు వాళ్ల నాన్న ఒకటే మాట అనేవాడు: "పైవరుస అమ్మేవాడు చూపించేదిరా. మనకి కావలసింది లోపలి అత్తం, ఆ చాటునున్న పళ్లు. అడక్కు, వేలు పెట్టి నొక్కు."

number అనేది చూపించే వరుస. అడిగినవాడికి ఏడు అని చెప్పమని ఎవడో రాసిపెట్టాడు. ఆబ్జెక్టు తన లోపల దాచుకున్నది వేరే. తలుపు లేకపోతేనేం, రూబీలో ఆ దాపరికం మర్యాద మాత్రమే. లోపలిది చేత్తో అందుకోవచ్చు.

boat.instance_variable_get :@number

4.

అంటే బాంబున్నది నాలుగో పడవలో. రెండు పడవల జనాన్ని ఒకే పడవలోకి చేర్చింది తనే. అమ్మను అందులోకి ఎక్కించింది తనే.

"మర్యాదగా అడిగారు, మర్యాదగా చెప్పింది. అక్కడితో ఆగాల్సిందండి," అంది హారతి. చేతిలో లిప్‌స్టిక్. దాని చివర సూది మెరిసింది.

పందిరి పక్కన పూలు కట్టుకుంటున్న దేవకుమారి, సివిల్ దుస్తుల్లో ఉన్న కానిస్టేబుల్, బుట్టతో సహా హారతి మీద పడింది.

"అమ్మా తల్లీ, చెయ్యి కదిపావంటే విరిచేస్తాను! సారూ, కానివ్వండి!"

పది ఇరవై తొమ్మిది. ఇంకా నలభై సెకన్లు. ఒక అక్షరం తప్పు పడింది. చెరిపాడు. మళ్లీ కొట్టాడు.

boat.instance_variable_set :@armed, false

ఎంటర్.

పది ముప్పై అయింది. గోదావరి మీద కాకి అరుపు తప్ప ఏమీ వినపడలేదు. నాలుగో పడవ లంక ఇసుకలో ముక్కు గుచ్చుకుని ఆగింది.

మధ్యాహ్నం తిరుగు పడవలో చిట్టెమ్మ దిగింది.

"నడిగోదాట్లో పడవ మార్పించి నడుం విరిచేశారురా. ఏ చవట ఇచ్చాడు ఆ ఆర్డరు?"

"ఎవరో ఆఫీసరంటమ్మా. నాకేం తెలుసు?"

చిట్టెమ్మ సంచీలోంచి ప్రసాదం అరటిపండు తీసింది. బొటనవేలితో మెల్లగా నొక్కి, కొడుకు మొహంలోకి చూసింది.

"పైకి నిగనిగలాడుతోందిరా," అంది. "దెబ్బ లోపల తగిలింది."